బియ్యం గ్లాసు ఒకటి తగ్గించండి, కూర గిన్నె పెద్దది పెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిర్యాలగూడలో ఉంటారు, ఇంట్లో నలుగురు. పాలు కాకుండా కిరాణా, కూరగాయలకు కలిపి నెలకు 7,000 దాటకూడదు. మీ బరువు 74 కిలోలు, మీ ఆయనకు షుగర్ బార్డర్‌లో ఉందన్నారు, పిల్లలిద్దరూ మాత్రం సన్నగా ఉన్నారు. ఓట్స్, ఆలివ్ నూనె కొనే స్తోమత లేదు, ఒకే పొయ్యి మీద రెండు రకాల వంట చేసే ఓపికా లేదు, ఏం చేయాలని అడిగారు.

నాదీ ఇదే కథ. మాది మహబూబ్‌నగర్. నేను, మా ఆయన, అత్తమ్మ, ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట నా బరువు 76. తెలిసినావిడ చెప్పిందని 3,800 పెట్టి బరువు తగ్గే పొడి డబ్బా కొన్నాను. రాత్రి అన్నం మానేసి అది తాగితే నెలలో నాలుగు కిలోలు తగ్గింది. డబ్బా అయిపోయాక రెండు నెలల్లో ఐదు కిలోలు పెరిగాను. ఆ డబ్బుతో మా ఇంటికి రెండు నెలల కూరగాయలు వచ్చేవి. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, అందుకే ముందే చెప్తున్నాను, అటువైపు పోకండి. తర్వాత పద్నాలుగు నెలలు పట్టింది కానీ ఇంటి తిండితోనే 67కు వచ్చాను, అక్కడే నిలిచాను.

మీరు రాసిన వాటిలో నాకు ముఖ్యంగా కనిపించింది బియ్యం లెక్క. రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల చొప్పున 24 కిలోలు వస్తాయి, అవి చాలక ఇంకో 25 కిలోల బస్తా కొంటున్నామని రాశారు. అంటే నెలకు 49 కిలోలు. నలుగురికి పంచితే మనిషికి రోజుకు 400 గ్రాములు. వంద గ్రాముల బియ్యంలో సుమారు 350 క్యాలరీలు ఉంటాయి, కాబట్టి ఒక్క అన్నం నుంచే రోజుకు 1,400 వచ్చేస్తున్నాయి. పిల్లలు తక్కువ తింటారు కాబట్టి మీ ఇద్దరికీ పడేది ఇంకా ఎక్కువే. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2,000 క్యాలరీల పళ్లెం ఒకటి ఉంది. అందులో బియ్యం, గోధుమ, జొన్న అన్నీ కలిపి 250 గ్రాములే. కూరగాయలు, ఆకుకూరలు మాత్రం 400 గ్రాములు. మన ఇళ్లలో ఇది సరిగ్గా తిరగబడి ఉంటుంది.

2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం పంపిణీ మొదలైనప్పుడు నేను చేసిన మంచి పని ఒక్కటే, బస్తా కొనడం ఆపేశాను. మా ఐదుగురికి 30 కిలోలు వస్తే 28 సరిపోతున్నాయి. మీరు కూడా ఆ 24 కిలోలతోనే నెల గడిపేలా చూసుకోండి. మనిషికి రోజుకు 200 గ్రాములు పడుతుంది. బస్తాకు పోయే డబ్బంతా కూరగాయల సంచిలోకి మళ్లించండి. మీరు అడిగిన రెండు సమస్యలూ, బరువూ డబ్బూ, ఇక్కడే కలుస్తాయి.

ఇది చెప్పినంత సులువు కాదు. మొదటి వారం నేను పళ్లెంలో అన్నం గరిటెతో కొలిచి పెట్టాను. అత్తమ్మ ఏమీ అనలేదు, సగం తిని లేచి చెయ్యి కడిగింది. రాత్రి మా ఆయనతో చెప్పుకుందట, ‘నా పళ్లెంల అన్నం కొలిచే రోజు వచ్చింది’ అని. ఆమె చిన్నతనం పాలమూరు కరువులో గడిచింది. జొన్న గట్క, అంబలి తాగి పెరిగింది, తెల్లన్నం పండుగకు చూసింది. అట్లాంటి మనిషికి నిండు అన్నం పళ్లెం అంటే గౌరవం. నాకు చాలా సిగ్గేసింది. మర్నాటి నుంచి పళ్లెం దగ్గర కొలవడం మానేసి కుక్కర్ దగ్గర కొలిచాను. మూడు గ్లాసులు పోసేచోట రెండున్నర, నెల తర్వాత రెండు. దాని బదులు కూర వండే గిన్నె మార్చాను, పెద్ద గిన్నె నిండా కూర. పళ్లెంలో మొదట కూర, పప్పు, తర్వాత అన్నం. ఎవరికీ తక్కువ పెట్టినట్టు అనిపించలేదు, అత్తమ్మకు మెత్తగా ఉడికిన పప్పు ఎక్కువ దొరికింది.

జొన్న రొట్టె గురించి ఒక మాట. తింటే బరువు తగ్గుతామని అందరూ అంటారు, అది సగమే నిజం. జొన్నపిండిలోనూ బియ్యంలో ఉన్నన్ని క్యాలరీలే దాదాపు ఉంటాయి. తేడా ఎక్కడంటే పీచు ఎక్కువ, నూనె చుక్క అక్కర్లేదు, రెండు రొట్టెలు తిన్నాక కడుపు నిండినట్టు తెలుస్తుంది. అన్నం అయితే పప్పుతో, చారుతో, పెరుగుతో మూడుసార్లు కలుపుకుంటాం. మేము రాత్రిపూట వారానికి నాలుగు రోజులు రొట్టె చేస్తాం, నెలకు ఆరు కిలోల జొన్నలు పడతాయి. మీది సాగర్ ఎడమ కాలువ కింది ఊరు, చుట్టూ రైస్ మిల్లులు, రొట్టె అలవాటు తక్కువేమో. వేడి నీళ్లతో పిండి కలపండి, రెండు కిలోలకు మించి ఒకేసారి గిర్నీ పట్టించకండి. పాతబడిన పిండితో రొట్టె విరిగిపోతుంది, చాలామంది మనకు రాదని అక్కడే వదిలేస్తారు. రాకపోయినా పర్వాలేదు, జొన్న రవ్వతో గట్క వండండి.

కూరగాయలు నేను వారానికి రెండుసార్లు, సాయంత్రం పొద్దుపోయాక తెస్తాను. రైతులు ఇంటికి పోయే తొందరలో ఉంటారు, ఆకుకూర కట్టలు దాదాపు సగం ధరకు ఇస్తారు. ఏం వండాలో ముందు రాసుకుని పోను, ఏది చవకగా ఉందో చూసి వారం కూర్చుకుంటాను. సొరకాయ, బీరకాయ, గోకరకాయ, దోసకాయ, వీటిలో రెండు ఎప్పుడూ అందుబాటులోనే ఉంటాయి. పుంటికూర, గంగవాయిలి కూర, తోటకూర, చుక్కకూర మార్చి మార్చి పప్పులో వేస్తాను, కప్పు పప్పుకు నాలుగు కట్టల ఆకు. మండు వేసవిలో మా దగ్గర ఆకుకూర పిరమవుతుంది, అప్పుడు సొరకాయ పప్పు, పచ్చిపులుసు మీద నడిపిస్తాం. ఉల్లిగడ్డలు మాత్రం బుధవారం దేవరకద్రలో వేలం ఉన్నప్పుడు మూడిళ్ల వాళ్లం కలిసి ఒక సంచి తెచ్చి పంచుకుంటాం. రోజుకు 400 గ్రాములు మేమూ చేరలేదు, 300 దాకా వచ్చాం. అంతవరకు వచ్చినా తేడా తెలిసింది.

మాంసకృత్తులకు డబ్బు ఎక్కువవుతుందని భయపడకండి. మేము కందిపప్పు మూడు కిలోలే కొంటాం. పెసరపప్పు, ఉలవలు, బొబ్బర్లు, శనగలు కిలో చొప్పున, అర కిలో మీల్ మేకర్. మీల్ మేకర్‌లో సగం బరువు ప్రొటీనే, నీళ్లలో ఉడికించి బాగా పిండి టమాట కూరలో వేస్తే పిల్లలు కూడా తింటారు. గుడ్లు నెలకు రెండు ట్రేలు. ఆదివారం కోడికూర కిలో, తోలు తీయించి, పులుసు ఎక్కువ పెట్టి రొట్టెలతో. బగారన్నం నెలకు ఒక్కసారే ఉంచాం, మానేయలేదు. మానేస్తే ఇంట్లో ఎవరూ నా మాట వినరు, నిజంగా మానేయాల్సిన అవసరం కూడా లేదు.

నూనె మీరు నెలకు ఎన్ని ప్యాకెట్లో రాయలేదు. మాకు ఆరు అయ్యేవి, ఇప్పుడు నాలుగు. సీసాలో నుంచి వంపడం మానేసి పొయ్యి పక్కన చిన్న గిన్నె, ఒక చెంచా పెట్టాను. పెద్ద చెంచా నూనె అంటే 120 క్యాలరీలు, ఒక చిన్న రొట్టెతో సమానం. గోకరకాయ, చిక్కుడు ముందు ఉడకబెట్టి తర్వాత పోపు వేస్తే రెండు చెంచాలు చాలు. చిక్కదనం కోసం వేయించిన పల్లీల పొడి వేస్తాను, అదీ కొంచెమే.

ఇక పిల్లలు. మీకు ఎక్కువ టెన్షన్ ఇక్కడే ఉన్నట్టుంది. వంట ఒకటే, పళ్లెం వేరు. వాళ్ల పప్పులో చెంచా నెయ్యి, రోజూ గుడ్డు, పడుకునే ముందు పాలు, అన్నం అడిగినంత. మీ పళ్లెంలో అదే కూర రెండింతలు, అన్నం ఒక్కసారే. బడి నుంచి రాగానే బిస్కెట్లు, మిక్చర్ ఇచ్చేదాన్ని, నెల పద్దు రాసి చూస్తే వాటికే 900 అయింది. ఆ పుస్తకం రాయకపోతే నమ్మేదాన్ని కాదు. ఇప్పుడు బొబ్బర్ల గుడాలు, శనగ గుడాలు, పల్లీలు బెల్లం. మొదటి పది రోజులు అలిగారు, ఇప్పుడు వాళ్లే నానబెట్టమని గుర్తు చేస్తున్నారు. పండ్లకు మీ నల్గొండ బత్తాయి ఉండనే ఉంది. రసం తీసి చక్కెర కలపకండి, తొనలుగా తినండి. మాకు చలి మొదలయ్యే ముందు బాలానగర్ సీతాఫలాలు చవకగా వస్తాయి, పిల్లలకు పెడతాను, మా ఆయనకు మాత్రం ఒక్కటే.

మీ ఆయన విషయంలో ఒకటి మరిచిపోకండి. నేను డాక్టర్‌ను కాదు. ఆయన షుగర్ మాత్రలు వాడుతుంటే అన్నం ఒక్కసారిగా తగ్గించకండి, కొన్ని మాత్రలతో షుగర్ బాగా పడిపోయి కళ్లు తిరుగుతాయి. ముందు డాక్టర్‌కు చెప్పండి. మీరు కూడా ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, నాకు అది తేలాకే బరువు కదిలింది. త్రాసు రోజూ ఎక్కకండి. నాకు మధ్యలో మూడు నెలలు ముల్లు కదల్లేదు, కానీ జాకెట్లు వదులయ్యాయి. నడుము కొలత టేపుతో నెలకోసారి చూసుకోండి, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలంటారు.

ఈ నెల బస్తా ఇంకా కొనకపోతే ఆగండి. కొన్నట్టయితే అది రెండు నెలలు వచ్చేలా చూడండి. మీ పిల్లలు ఏ కూర ముట్టరో రాయండి. మా చిన్నవాడు బీరకాయ చూస్తేనే లేచిపోయేవాడు, ఎట్లా తినిపించానో వివరంగా చెప్తాను.