టెక్ సందేహాలు: నాన్నగారి నడక వాచీలో ఎందుకు పడటం లేదు?

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గుండె జబ్బు ఉన్నవారి చేతి బ్యాండ్ల గురించే. పిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు. అమ్మకో నాన్నకో ఒక వాచీ కొనిచ్చి, ఫోన్‌లో ఆ అంకెలు చూసుకుంటూ టెన్షన్ పడుతుంటారు. అందుకే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. నాలుగు నెలల క్రితం బైపాస్ అయింది. రోజూ అపార్ట్‌మెంట్ కారిడార్‌లో అరగంట నడుస్తున్నానంటారు. బ్యాండ్‌లో మాత్రం వెయ్యి అడుగులు కూడా పడవు. బ్యాండ్ పాడైందా, లేక ఆయనే నడవడం లేదా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

ముందు నాన్నగారిని అనుమానించకండమ్మా. ఆ బ్యాండ్‌లో యాక్సెలరోమీటర్ అనే చిన్న చిప్ ఉంటుంది. అది కొలిచేది కాళ్ల కదలికను కాదు, మణికట్టు కదలికను. చేతులు ఊపుతూ నడిచేటప్పుడు ఒక లయలో వచ్చే కుదుపును సాఫ్ట్‌వేర్ అడుగుగా లెక్కేస్తుంది. ఆపరేషన్ అయినవాళ్లు నెమ్మదిగా, పాదం పెద్దగా ఎత్తకుండా నడుస్తారు. పైగా మన పెద్దవాళ్లలో చాలామందికి చేతులు వెనక్కి కట్టుకుని నడవడం అలవాటు. వాకర్ పట్టుకున్నా, మెట్ల దగ్గర రెయిలింగ్ పట్టుకున్నా అంతే. కాళ్లు నడుస్తుంటాయి, మణికట్టు మాత్రం కదలదు. దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. రోట్లో పచ్చడి నూరినా, గతుకుల రోడ్డు మీద స్కూటర్ మీద వెళ్లినా కొన్ని బ్యాండ్లు అడుగులు కలిపేస్తాయి.

తేల్చుకోవడం సులభమే. ఆయన తన మామూలు పద్ధతిలోనే నడుస్తుంటే మీరు పక్కనే ఉండి నోటితో నూరు అడుగులు లెక్కపెట్టండి. ముందూ తర్వాతా బ్యాండ్‌లో అంకె చూడండి. బాగా తక్కువ పడితే, నడిచేటప్పుడు ఫోన్‌ను ప్యాంటు జేబులో పెట్టుకోమనండి, లుంగీ కడితే నడుముకు చిన్న పౌచ్ కట్టమనండి. ఫోన్‌లోనూ అదే చిప్ ఉంటుంది. నడుము, తొడ దగ్గర అడుగు కుదుపు బాగా తెలుస్తుంది. అమెరికాలో 110 మంది హార్ట్ ఫెయిల్యూర్ (గుండె రక్తాన్ని ఒంటికి సరిపడా అందించలేకపోవడం) రోగుల మీద జరిగి 2015లో వెలువడిన ఒక పరీక్షలో కూడా సెన్సర్‌ను నడుముకే కట్టారు. రక్తనాళాలను వదులు చేసే ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ అనే మందు వేసుకుంటే వాళ్లు ఇంకా చురుగ్గా తిరుగుతారేమో చూడాలనుకున్నారు. మందు వేసుకున్న రోజుల్లో వాళ్లు తక్కువ కదిలారని సెన్సర్ చూపింది. అది ఒక రకం హార్ట్ ఫెయిల్యూర్‌కు సంబంధించిన ఫలితం. దాన్ని చదివి ఎవరూ తమ మందులు మార్చుకోవద్దు. నేను చెప్పదలచింది ఒకటే. మనిషి ఇంట్లో రోజంతా ఎలా తిరుగుతున్నాడో ఆసుపత్రి గదిలో కనిపించదు, సరిగ్గా కట్టుకున్న సెన్సర్‌లో కనిపిస్తుంది.

ఇక పదివేల అడుగుల సంగతి. 1965లో జపాన్‌లో అమ్మిన ఒక పెడోమీటర్‌కు ‘పదివేల అడుగుల మీటర్’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ లెక్క అక్కడి నుంచి వచ్చింది, ఏ డాక్టరూ రాసిచ్చింది కాదు. సగటున 72 ఏళ్ల వయసున్న 16,741 మంది అమెరికన్ మహిళలను గమనించి 2019లో ఒక అధ్యయనం వెలువరించారు. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవారి కంటే 4,400 వేసేవారిలో మరణాలు తక్కువగా ఉన్నాయి. 7,500 దాటాక ఇంకా పెద్ద తేడా కనిపించలేదు. నాన్నగారికి ఈ అంకెలు కూడా అక్కర్లేదు. మొదటి వారం సగటు ఎంతో రాసిపెట్టుకోండి, తర్వాతి వారాలను దానితోనే పోల్చండి. బ్యాండ్ తక్కువ లెక్కేసినా, రోజూ ఒకే తీరులో తక్కువ లెక్కేస్తే పోలికకు పనికొస్తుంది.

ప్రశ్న: నాకు 60 ఏళ్లు, స్టెంట్ వేశారు. ఎంత వేగంగా నడిచినా గుండె వేగం 95 దాటదు. వ్యాయామం సరిపోవడం లేదని యాప్ రోజూ చెబుతోంది. ఇంకా గట్టిగా పరుగెత్తాలా? (వరంగల్ నుంచి ఒక పాఠకుడు)

వద్దండీ, దయచేసి ఆ పని చేయకండి. మీ చీటీలో మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్ ఉందేమో చూడండి. ఆ మందు చేసే పనే గుండె వేగాన్ని అదుపులో ఉంచడం. యాప్‌కు ఆ సంగతి తెలియదు. చాలా యాప్‌లు 220 లోంచి వయసు తీసేసి, మీకు 160 గరిష్ఠమని లెక్కగట్టి, అందులో ఇంత శాతం అందుకోమంటాయి. మందు వేసుకుంటున్నవారికి ఆ లెక్క పనికిరాదు. సెట్టింగ్స్‌లో హార్ట్ రేట్ జోన్లను చేత్తో మార్చుకునే వీలుంటే, మీ కార్డియాలజిస్టును అడిగి ఆయన చెప్పిన అంకె పెట్టుకోండి. అంతవరకు, నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. మామూలు వ్యాయామానికి ఆ కొలత చాలు.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉందని డాక్టరు చెప్పినవారికి ఇంకో మాట. వాచీ చర్మం మీద ఆకుపచ్చ కాంతి పంపి రక్తప్రవాహాన్ని చదువుతుంది. నాడి లయ తప్పినప్పుడు ఆ లెక్క కూడా తప్పుతుంది.

ప్రశ్న: అమ్మకు పేస్‌మేకర్ ఉంది. స్మార్ట్‌వాచ్ పెట్టుకోవచ్చా? (హైదరాబాద్)

అడుగులు లెక్కపెట్టుకోవడానికి పెట్టుకోవచ్చు, ఒకసారి డాక్టరుకు చెప్పండి. కానీ కొన్ని వాచీల్లో ఒంట్లో కొవ్వు కొలిచే బాడీ కంపోజిషన్ అనే సదుపాయం ఉంటుంది. అది శరీరంలోకి సన్నటి కరెంటు పంపుతుంది కాబట్టి అమ్మగారు దాన్ని వాడకూడదు. వాచీనీ, ఫోన్‌నీ, అయస్కాంతం ఉన్న ఛార్జర్‌నీ పేస్‌మేకర్‌కు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. అంటే ఫోన్ జాకెట్లో దోపుకోవడం మానేయాలి. చాలా పేస్‌మేకర్ల లోపల కూడా కదలికను పసిగట్టే సెన్సర్ ఉంటుంది. చెకప్‌కు వెళ్లినప్పుడు రోజువారీ కదలిక రికార్డు ఉందా అని అడగండి.

ప్రశ్న: కేలరీల లెక్క నమ్మవచ్చా?

నమ్మకండి. స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2017లో ఏడు పరికరాలను పరీక్షిస్తే, కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది. ఆ అంకె చూసి తిండి పెంచడం, తగ్గించడం చేయవద్దు.

ప్రశ్న: నాన్నకు హార్ట్ ఫెయిల్యూర్. నేను డల్లాస్‌లో ఉంటాను. ఆయన వాచీలో నేను ఏం చూడాలి?

రోజు అంకె కాదు, వారం సగటు చూడండి. పెళ్లికి వెళ్లిన రోజు పెరుగుతుంది, వాన పడితే తగ్గుతుంది. ఏ కారణమూ లేకుండా నాలుగైదు రోజులు వరసగా పడిపోతే మాత్రం ఫోన్ చేయండి. “అడుగులు ఎందుకు తగ్గాయి?” అని అడిగితే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఆయాసంగా ఉందా, కాళ్లు వాచాయా, పడుకుంటే ఊపిరాడక రాత్రి ఎక్కువ దిండ్లు పెట్టుకుంటున్నారా అని అడగండి. బరువు కూడా చూసుకోమనండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమో, అదే రోజు డాక్టరుతో మాట్లాడాలి.

వాచీలో ఈసీజీ ఉంది కదా అనే ధైర్యంతో ఉండకండి. అది ఒక్క లీడ్ మీద, అంటే ఒకే కోణం నుంచి, గుండె లయను చూస్తుంది, గుండెపోటును పట్టుకోలేదు. ఛాతీలో నొప్పి మొదలైతే వాచీ మీద వేలు పెట్టి కూర్చోకుండా 108కి ఫోన్ చేయమని నాన్నగారికి ఈ రోజే చెప్పండి. పక్కింటివారి నంబరు కూడా మీ దగ్గర ఉంచుకోండి.