మొదటి గ్రూప్ రైడ్: కిలోమీటర్లు తర్వాత, చివరివాడి సంగతి ముందు అడగండి

మీ ప్రశ్న చదివాను. సైకిల్ కొని కొన్ని నెలలైంది. ఆదివారాలు ఒక్కరే 25–30 కిలోమీటర్లు తొక్కుతున్నారు, గంటకు 18–20 వేగం వస్తోంది. ఇప్పుడు పోటీ లేని గ్రూప్ రైడ్‌కి వెళ్లాలనుంది. చేతిలో మూడున్నాయి: ఒక క్లబ్బు వాళ్ల 45 కిలోమీటర్ల రైడ్, 100 కిలోమీటర్ల గ్రాన్ ఫాండో (వందలమంది ఒకేసారి బయల్దేరే పెద్ద రైడ్), స్నేహితులు రమ్మంటున్న 200 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపల ఎవరికి వారే పూర్తిచేయాల్సిన దూరపు రైడ్). "అందరికన్నా వెనకబడితే పరువు పోతుందేమో" అని కూడా రాశారు.

నా ఓటు ఆ 45 కిలోమీటర్ల రైడ్‌కే, అదీ ఒక షరతు మీద. దూరం తక్కువని కాదు ఈ మాట అంటున్నది. మొదటి రైడ్ ఎంచుకునేటప్పుడు అందరూ "ఎన్ని కిలోమీటర్లు?" అని అడుగుతారు. అడగాల్సింది "అందరికన్నా వెనకున్న మనిషిని మీరేం చేస్తారు?" అని. దానికొచ్చే జవాబును బట్టే ఆ రైడ్ కొత్తవాళ్లకు పనికొస్తుందో లేదో చాలావరకు తేలిపోతుంది.

ఎందుకంటే మొదటిసారి వెనకబడటం దాదాపు ఖాయం. నా మొదటి గ్రూప్ రైడ్‌లో చిన్న ఎక్కుడు రాగానే గుంపంతా చూస్తుండగానే దూరమైపోయింది. నా పక్కన ఒక్కాయన మిగిలాడు, మెరిసే జాకెట్ వేసుకుని. ఆయన పనే అది, చివరివాడితో పాటు రావడం. స్వీప్ అంటారు. నేను పళ్లు బిగించి తొక్కుతుంటే కాసేపు చూసి, "కొండ పైకి చూడకండి, చక్రం ముందున్న రోడ్డు చూడండి చాలు. వెనక ఇంకా రెండు గేర్లు మిగిలున్నాయి, అవి ఎందుకున్నాయనుకున్నారు?" అన్నాడు. గేరు తగ్గించాను. కాళ్లు త్వరత్వరగా తిరిగాయి, వేగం తగ్గింది, ఆయాసమూ తగ్గింది. పైకి చేరేసరికి మిగతావాళ్లు సైకిళ్లు ఆనించి నీళ్లు తాగుతూ కబుర్లలో ఉన్నారు. మేం రాగానే బయల్దేరలేదు. నేనూ నీళ్లు తాగి ఊపిరి తీసుకున్నాకే కదిలారు.

ఇది చాలా పెద్ద విషయమండీ. కొన్ని గ్రూపుల్లో ముందువాళ్లు పది నిమిషాలు ఆగుతారు, చివరివాడు వచ్చీ రాగానే "ఇక పదండి" అంటారు. రెస్టు అక్కర్లేనివాళ్లకు పది నిమిషాలు, కావాల్సినవాడికి సున్నా. అలా మూడుసార్లు జరిగితే నాలుగోసారి ఆ మనిషి రాడు. "మేం ఎవర్నీ వదిలి వెళ్లం, మాది నో డ్రాప్ రైడ్" అని చెప్పేవాళ్లను కూడా, ఎక్కడెక్కడ ఆగుతారు, ఎంతసేపు ఆగుతారు అని అడగండి.

దీనికి పూర్తి తారుమారుగా జరిగినదీ చూశాను. పోస్టరు మీద "కొత్తవాళ్లకు అనువైనది" అని పెద్ద అక్షరాలతో ఉంది. మలుపుల దగ్గర నిలబెట్టిన వలంటీర్లు పెద్ద గుంపు దాటిపోగానే తమ పని అయిపోయిందనుకుని వెళ్లిపోయారు. వెనకపడ్డ నేనూ, ఇంకో అమ్మాయీ ప్రతి కూడలిలో ఆగి ఫోన్లో మ్యాపు చూసుకుంటూ వచ్చాం. చేరేసరికి ఫినిష్ గేటు విప్పి లారీలో వేస్తున్నారు. మా ఇద్దరి పేర్లూ వాళ్ల జాబితాలో ఉన్నాయి. ఇంకా ఎవరు రావాలో ఒక్కరూ చూసుకోలేదు. అప్పటినుంచి నేను పోస్టరు చదవడం మానేసి నిర్వాహకులకు మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను.

ఇక "పోటీ లేదు" అనే మాట. దీని కింద బోలెడు రకాలు వస్తాయి. క్లబ్బుల వారాంతపు రైడ్‌లు, విరాళాల కోసం పెట్టే చారిటీ రైడ్‌లు, స్పోర్టివ్‌లు (టైము నమోదు చేసే సామూహిక రైడ్‌లు), గ్రాన్ ఫాండోలు, బ్రెవేలు అన్నీ పోటీ కానివనే అంటారు. కానీ గ్రాన్ ఫాండో అన్నంత మాత్రాన అందరూ సరదాగా తొక్కుతారనుకోకండి. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) గ్రాన్ ఫాండో వరల్డ్ సిరీస్‌లో ఉన్నవైతే వయసు విభాగాల వారీగా ప్రపంచ చాంపియన్‌షిప్‌కి అర్హత ఇచ్చే రైడ్‌లు, అక్కడ ముందువరసలో ఉన్నవాళ్లు నిఖార్సైన పోటీలో ఉంటారు. 1993లో మొదలైన ఎటాప్ ద్యు టూర్ మామూలు జనం కోసం పెట్టినదే, కానీ తొక్కించేది టూర్ ద ఫ్రాన్స్ కొండదారుల్లో. గడువు కన్నా వెనకబడితే వెనకాల వచ్చే బండి ఎక్కించేస్తారు. కాబట్టి పేరు చూసి మోసపోవద్దు. టైమింగ్ చిప్ ఇస్తున్నారా, ర్యాంకులు ప్రకటిస్తారా, మధ్యలో గడువులున్నాయా అన్నది చూడండి.

మీ స్నేహితుల బ్రెవే సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కాగితం మీద అది చాలా తేలిగ్గా కనిపిస్తుంది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు ఇస్తారు. అంటే గంటకు 15 కూడా కాదు. మీరు 20 తొక్కగలరు, అలా చూస్తే 10 గంటల్లో అయిపోతుంది, ఇంకా మూడున్నర గంటలు మిగులుతాయి. బ్రెవేలో నిజంగానే ర్యాంకులుండవు. గడువులోపల వచ్చినవాళ్లందరూ సమానమే. ఆ సంస్కృతి నాకు చాలా ఇష్టం. అయితే గడియారం ఎక్కడా ఆగదు. పంక్చరైనా, తిన్నా, నడుం వాల్చినా టైము నడుస్తూనే ఉంటుంది. వెంట కారు రాకూడదు, సాయం ఏదైనా కంట్రోల్ పాయింట్ల (దారిలో హాజరు వేయించుకునే చోట్ల) దగ్గరే. అసలు బ్రెవే సిద్ధాంతమే ఎవరి బాగు వాళ్లే చూసుకోవాలని. నా ప్రశ్నకు అక్కడ నిజాయతీగా వచ్చే జవాబు: "చివరివాణ్ణి ఏమీ చేయం, అతనే చూసుకుంటాడు." అనుభవం ఉన్నవాళ్లకు అదే మజా. ఇప్పటిదాకా 30 దాటని మనిషికి 80 తర్వాత అరచేతులు తిమ్మిరెక్కడం, మెడ పట్టేయడం, సీటు మీద కూర్చోలేకపోవడం ఇవన్నీ కొత్త. 20 వేగం అప్పుడు 20గా ఉండదు. పారిస్–బ్రెస్ట్–పారిస్ అనే పెద్ద బ్రెవే వాళ్లు 1200 కిలోమీటర్లు 90 గంటల్లో తొక్కుతారని మీ స్నేహితులు ఊరిస్తుంటారు, ఊరించనివ్వండి. వచ్చే ఏడాది చూద్దాం అని చెప్పండి.

గ్రాన్ ఫాండోకి లెక్క వేరు. అక్కడ సహాయ వాహనాలు, నీళ్లు, మెకానిక్కులు ఉంటారు. ట్రాఫిక్ ఆపేసిన రోడ్డైతే మరీ హాయి అనిపిస్తుంది. కానీ మూసిన రోడ్డును మళ్లీ తెరవాలి కాబట్టి గడువులు గట్టిగా ఉంటాయి. 100 కిలోమీటర్లకు 6 గంటలు అన్నారనుకోండి. మీరు 18తో తొక్కితే ఐదున్నర గంటలు దాటుతుంది, ఆగడానికి అరగంట కూడా మిగలదు. తెరిచి ఉన్న రోడ్డు మీద చిన్న గుంపుతో వెళ్తే కార్ల బాధ ఉంటుంది గానీ ఆ హడావిడి ఉండదు. పైగా వందలమంది ఒకేసారి కదిలే స్టార్టులో కొత్తవాళ్లు బిగుసుకుపోతారు. వెళ్లాల్సే వస్తే మొదటి పది నిమిషాలు అంచున, వెనకాల ఉండండి.

"యావరేజ్ స్పీడు 22–25" అని రాసి ఉంటే జాగ్రత్త. 25 యావరేజ్ రావాలంటే చదును దారిలో 28–30 కొట్టాలి, ఎక్కుళ్లూ మలుపులూ సిగ్నళ్లూ తినేసినదాన్ని అక్కడే పూడ్చుకోవాలి కాబట్టి. మీ ఫోన్ యాప్‌లో కనిపించే 19 కూడా ఒకసారి సరిచూసుకోండి. చాలా యాప్‌లు మీరు ఆగిన టైము తీసేసి లెక్కేస్తాయి. 45 కిలోమీటర్లకు 25తో గంటా 48 నిమిషాలు, 19తో 2 గంటల 22 నిమిషాలు. తేడా అరగంట పైనే. ఎంత మంచి గుంపైనా అరగంట నిలబడి ఎదురుచూస్తే మొహాలు మారతాయి. అందుకే 18–20 అని చెప్పే గ్రూపే మీది. అంతకన్నా నెమ్మది అన్నా నష్టం లేదు.

దూరం పక్కన ఇంకో అంకె ఉంటుంది, మొత్తం ఎన్ని మీటర్లు ఎక్కాలన్నది. ఇది చూడకుండా డబ్బు కట్టొద్దు. 50 కిలోమీటర్లలో 800 మీటర్ల ఎక్కుడున్న రైడ్ కన్నా 80 కిలోమీటర్లలో 200 మీటర్లే ఉన్న రైడ్ చాలామందికి సులువు. 10 కిలోమీటర్లకు 100 మీటర్లు వస్తే దాన్ని కొండదారిగానే లెక్కేసుకోండి. పెద్ద ఎక్కుడు ఎక్కడుందో కూడా మ్యాపులో చూడండి. మొదట్లో ఉంటే కాళ్లు తాజాగా ఉంటాయి, చివరి పదిలో ఉంటే ఏడిపిస్తుంది. వెళ్లిన దారినే తిరిగి రావాల్సిన రైడ్ అయితే ఆ రోజు గాలి ఎటు వీస్తోందో గమనించండి. వెళ్లేటప్పుడు రెక్కలొచ్చినట్టు అనిపించిందంటే వచ్చేటప్పుడు ఎదురుగాలి.

మీరు సిద్ధమేనా అంటే, నేను వాడే లెక్క ఇది: రైడ్ దూరంలో మూడింట రెండు వంతులు ఒక్కరే తొక్కి, మర్నాడు మామూలుగా తిరగగలిగితే చాలు. 45కి 30 సరిపోయింది. 100కి 65–70 రావాలి, దానికి వారానికి కొంచెం కొంచెం పెంచుకుంటూ వెళ్లండి.

దూరం కన్నా ఎక్కువ ప్రాక్టీసు కావాల్సింది పక్కన మనిషి ఉండగా తొక్కడానికి. ఒంటరిగా తొక్కేవాళ్లకు ఇది తెలియదు. ముందువాడి వెనక చక్రానికి మీ ముందు చక్రం ఎప్పుడూ పక్కకు రాకూడదు. గుంత తప్పించడానికి అతను జానెడు పక్కకు జరిగితే చాలు, రెండు చక్రాలూ రాసుకుంటాయి. అతనికి ఏమీ కాదు, పడేది మీరు. అందుకని మొదటిసారి ఒక సైకిల్ పొడవు కన్నా ఎక్కువే ఖాళీ వదిలి, సూటిగా వెనకాలే ఉండండి. దగ్గరగా ఉంటే గాలి తగలక శక్తి మిగులుతుందని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, కానీ ఆ లాభం బాగా వేగంగా వెళ్లే గుంపులో. గంటకు 20 దగ్గర మీరు పోగొట్టుకునేది కొంచెమే. ముందున్న టైరు మీదే కళ్లు పెట్టొద్దు, అతని భుజాల మీదుగా అవతల ఏం జరుగుతోందో చూడండి. హఠాత్తుగా బ్రేకు వేయొద్దు. గుంత కనిపిస్తే వేలితో చూపించండి, చెయ్యి తీయడానికి భయమైతే గట్టిగా అరవండి, ఎవరూ ఏమీ అనుకోరు. కదులుతూ ఒంటి చేత్తో బాటిల్ తీసి తాగి మళ్లీ పెట్టడం ఖాళీ రోడ్డు మీద ముందే అలవాటు చేసుకోండి. రాకపోతే ఆగి తాగండి, గుంపు మధ్యలో ప్రయోగాలొద్దు.

సామాను గురించి ఎక్కువ చెప్పను. హెల్మెట్, మీ టైరు సైజుకు సరిపోయే ట్యూబు, టైరు ఊడదీసే లీవర్లు, పంపు. గాలి ఎంతదాకా కొట్టొచ్చో టైరు పక్కభాగం మీదే ముద్రించి ఉంటుంది. పెడల్ అడుక్కి వచ్చినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి, అలా సీటు ఎత్తు సరిచేసుకోండి, సగం మోకాలి నొప్పులు అక్కడే పోతాయి. ప్యాడెడ్ షార్ట్స్ కొంటే లోపల ఇంకేమీ వేసుకోవద్దు. ఈ ముక్క ఎవరూ మొహమాటంతో చెప్పరు, ఒరుసుకుపోయాక తెలుస్తుంది. గంటన్నర దాటే రైడ్‌లో గంటకు 30–60 గ్రాముల కార్బోహైడ్రేట్ కడుపులో పడేలా తింటుండాలి, అదీ మీ ఒంటికి అలవాటైన తిండే. ఆ రోజు కొత్త బూట్లు, కొత్త సీటు, కొత్త ఎనర్జీ జెల్ ఏవీ వద్దు.

పరువు సంగతి అడిగారు కదా. చివరగా వచ్చినవాణ్ణి చూసి నవ్విన గుంపు ఇంతవరకూ నాకు తగల్లేదు. ఒకవేళ మీకు తగిలితే మళ్లీ వాళ్లతో వెళ్లకండి, అంతే. టెన్షన్ మరీ ఎక్కువగా ఉంటే ఒకసారి వలంటీరుగా వెళ్లి ఏదైనా మలుపు దగ్గర నిలబడండి. మొదట దూసుకుపోయేవాళ్లు కాసేపే కనిపిస్తారు. ఆ తర్వాత చాలాసేపు వచ్చేవాళ్లు మీలాంటివాళ్లూ నాలాంటివాళ్లే.

ఇక నా షరతు. డబ్బు కట్టే ముందు ఆ క్లబ్బువాళ్లకు ఈ మెసేజ్ పెట్టండి: "నేను కొత్త. ఒక్కణ్ణే 30 కిలోమీటర్లు గంటకు 18–20తో తొక్కుతాను. మీ రైడ్‌లో అందరికన్నా వెనకున్నవాళ్లతో ఎవరైనా ఉంటారా? ఎక్కడెక్కడ ఆగి కలుస్తారు? పంక్చరైతే ఏం చేయాలి? రాలేకపోతే నా పేరు ఇంకొకరికి మార్చుకోవచ్చా?" స్వీప్ ఉంటాడని, ఫలానా చోట్ల ఆగుతామని, ఈ నంబరుకు ఫోన్ చేయమని వివరంగా రాస్తే కళ్లు మూసుకుని చేరిపోండి. "ఏం పర్లేదు బ్రో, వచ్చేయండి" అని మాత్రమే వస్తే మళ్లీ అడగండి. వారం దాకా జవాబే రాకపోతే దాన్ని వదిలేసి ఇంకో క్లబ్బు రైడ్ వెతుక్కోండి. ఆ ఖాళీని మాత్రం బ్రెవేతో నింపకండి.