లోహాలన్నీ పరిమితిలోనే ఉంటే ఇక డాఫ్నియా పరీక్ష ఎందుకు?

వ్యర్థంలో లోహాలన్నీ పరిమితి లోపలే ఉన్నాయి కాబట్టి అది ప్రమాదకరం కాదని రాసెయ్యొచ్చా అని అడిగారు. ఏ ప్రాసెస్ నుంచి వచ్చిందో, ఏముందో తెలిసిన వ్యర్థమైతే సరే. ట్యాంకు అడుగు మడ్డి, ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) బురద, బూడిద కలగలిసిన సరుకైతే మాత్రం రాయకండి. రిపోర్టులో ఉండేది మీరు వెతకమన్నవే. వెతకనివాటిని పట్టించేది డాఫ్నియా, అంటే విషం తగిలితే ఈదడం ఆపేసే చిన్న నీటి జీవులు.

ఆ పరీక్ష చెడేది చాలాసార్లు లీచేట్ (వ్యర్థాన్ని నీళ్లలో తిప్పి తీసే ద్రవం) దగ్గరే. కిలో పొడి పదార్థానికి 10 లీటర్ల నీళ్లు, 24 గంటలు తిప్పాలి. ఇక్కడ "పొడి" అన్న మాటే మర్చిపోతారు. 60 శాతం తేమున్న బురదలో 90 గ్రాముల పొడి పదార్థం కావాలంటే 225 గ్రాములు తూచాలి. అందులోనే 135 మి.లీ. నీళ్లున్నాయి, కాబట్టి పోయాల్సింది 765 మి.లీ. మాత్రమే. 900 పోస్తే విషం పలచబడుతుంది. తేమ కొలవడానికి 105 డిగ్రీల్లో ఎండబెట్టిన సరుకునే లీచింగ్‌కి వాడేవాళ్లూ ఉన్నారు. సాల్వెంట్లు ఓవెన్‌లోనే ఎగిరిపోయాక ఇక పరీక్షించేదేముంది?

అసలు చిక్కు పీహెచ్‌తో. బూడిద లీచేట్ పీహెచ్ 12 దాకా ఉంటే డాఫ్నియా ఆ క్షారానికే ఆగిపోతాయి, లోహాల సంగతి తేలదు. సరేనని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలుగా వేసి 7కి దించారనుకోండి, అప్పటిదాకా తేటగా ఉన్న బీకర్‌లో తెల్లటి తరకలు కడతాయి. 12 దగ్గర కరిగి ఉన్న సీసం, జింకు విడిపోతున్నాయన్నమాట. వడకడితే విషం ఫిల్టర్ మీదే మిగిలిపోతుంది. వడకట్టకపోతే తరకలు డాఫ్నియా పిల్లల మీసాలకు చుట్టుకుని అవి ఈదలేవు. అందుకే రెండు వరసలూ పెట్టాలి: పీహెచ్ మార్చనిది ఒకటి, మార్చినది ఒకటి. రెండింట్లోనూ కరిగున్న లోహాలు కొలిచి, రెండు ఈసీ50లూ (సగం డాఫ్నియాని ఆపేసే లీచేట్ మోతాదు) రిపోర్టులో రాయాలి.

పుట్టి 24 గంటలు దాటని డాఫ్నియా పిల్లలు, లీచేట్ ఒక్కో పలుచనకి 20, అయిదేసి చొప్పున నాలుగు బీకర్లు. 48 గంటల తర్వాత బీకర్ మెల్లగా కదిపి 15 సెకన్లు చూడండి. మీసాలు ఆడుతున్నా ఈదకపోతే ఆగినట్టే లెక్క. కంట్రోల్‌లో (లీచేట్ కలపని నీళ్లలో) 10 శాతం కంటే ఎక్కువ ఆగితే పరీక్ష మళ్లీ చెయ్యాలి. చివర్లో ఆక్సిజన్ లీటరుకి 3 మి.గ్రా. కంటే తగ్గినా అంతే, సేంద్రియ బురదలతో ఇది తరచూ జరుగుతుంది.

అరగంటలో అయిపోతుందని వెలుగు బ్యాక్టీరియా పరీక్ష (విషం తగిలితే వాటి వెలుగు తగ్గుతుంది) ఒక్కటే చాలనేవాళ్లతో మాత్రం నేను ఒప్పుకోను. ముదురు రంగు లీచేట్ ఆ వెలుగుని తనే మింగేస్తుంది. రంగు దిద్దుబాటు చెయ్యకపోతే లేని విషం ఉన్నట్టు చూపిస్తుంది.