ఆవ పులిహోర చేసిన నేరమేమిటి?

ప్రశ్న: మాది చిత్తూరు. పెళ్లయ్యాక తిరుపతిలో ఉంటున్నాను. అత్తగారిది గోదావరి జిల్లా. సంక్రాంతి తర్వాత అందరం కొండకు వెళ్లాం. దర్శనమయ్యాక అత్తగారు చేసి తెచ్చిన ఆవ పెట్టిన పులిహోర మొదటిసారి తిన్నాను. బస్సులో కొండ దిగుతుంటే వాంతి అయింది. తప్పు మలుపులదేనని తెలుసు. అయినా ఇప్పుడు ఆవ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పుతోంది. నిమ్మకాయ పులిహోర మాత్రం హాయిగా తింటున్నాను. తన వంట నచ్చలేదని అత్తగారు చిన్నబుచ్చుకున్నారు. ఎందుకిలా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: తప్పు మలుపులదని మీకు తెలుసమ్మా, మీ కడుపుకు తెలియదు.

జీర్ణక్రియపై పరిశోధనలకు 1904లో నోబెల్ అందుకున్న రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కలతో చేసిన ప్రయోగం టెట్‌కు చదివేవారికి కంఠతా వచ్చు. తిండి నోట్లో పడితే లాలాజలం ఊరడం కుక్కకు పుట్టుకతో వచ్చిందే. తిండికి ముందు ప్రతిసారీ మెట్రోనోమ్ (సంగీతంలో లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే పరికరం) మోగిస్తే, కొన్నాళ్లకు ఆ చప్పుడు వింటేనే నోరూరింది. ఇదే శాస్త్రీయ నిబంధనం. మీకు మలుపుల్లో పుట్టిన వికారం సహజమైనది, ఆవ దానికి ముందు వినిపించిన చప్పుడు.

మరి బస్సును వదిలేసి ఆవనే ఎందుకు పట్టుకుంది? నాకు మహా ఇష్టమైన ప్రయోగం ఒకటుంది. 1966లో గార్సియా, కోయెలింగ్ అనే అమెరికన్లు, ఎలుకలు తియ్యటి నీళ్లు తాగుతున్నప్పుడల్లా వెలుగు, చప్పుడు వచ్చేలా చేశారు. తర్వాత కొన్నింటికి వికారం కలిగించారు, కొన్నింటికి కరెంటు షాక్ ఇచ్చారు. వికారం కలిగినవి తీపికి దూరమయ్యాయి, వెలుగును, చప్పుడును లెక్కచేయలేదు. షాక్ తిన్నవి వెలుగుకు, చప్పుడుకు జంకాయి, తీపిని మాత్రం మానలేదు. కడుపు తిప్పితే అనుమానం తిండి మీదికే పోతుందన్నమాట. పైగా రుచి విషయంలో ఒక్కసారి చాలు, మధ్యలో గంటలు గడిచినా సరే. అందులోనూ ముందుగా దొరికిపోయేది కొత్త వంటకమే. చిన్నప్పటి నుంచీ తింటున్న నిమ్మకాయ పులిహోర మీకు ఎప్పుడూ హాని చేయలేదు కదా, దాని జోలికి పోలేదు.

బలవంతంగా తినకండి. మళ్లీ వికారం వస్తే అయిష్టం ఇంకా ముదురుతుంది. 1924లో అమెరికా మనస్తత్వవేత్త మేరీ కవర్ జోన్స్, కుందేలును చూసి భయపడే పీటర్ అనే పిల్లవాడికి ఇష్టమైనది తినిపిస్తూ, కుందేలును రోజురోజుకూ కాస్త దగ్గరగా తెచ్చి భయం పోగొట్టారు. మీరూ ముందు ఆవ లేని చింతపండు పులిహోరతో మొదలుపెట్టండి. అది ఇమిడాక, బాగా ఆకలేసినప్పుడు చిటికెడు ఆవ కలుపుకోండి. పోయిందనుకున్న అయిష్టం కొన్నాళ్లకు మళ్లీ తలెత్తవచ్చు, కంగారుపడకండి. అన్ని వంటలకూ వికారం వస్తుంటే మాత్రం డాక్టరును కలవండి.

అత్తగారికి ఈ పేజీ చదివి వినిపించండి. ఇక కొండకు వెళ్లిన రోజు కిందికి చేరేదాకా కొత్త వంటకాల జోలికి పోకుండా ఇడ్లీలతో సరిపెట్టుకోండి. బస్సులో ముందు సీటు దొరికితే వదలకండి.