ఉప్పు మైదానం మీద కారు నడపాలంటే ఎంత డబ్బు పక్కన పెట్టాలి?

ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటాం. హెచ్‌1బీ మీద పనిచేస్తున్నాను. నా భార్యకు ఉద్యోగం లేదు, ఆరేళ్ల బాబు ఉన్నాడు. యూటాలోని బాన్‌విల్ ఉప్పు మైదానాల మీద కారు నడపాలని ఎప్పటినుంచో కోరిక. అందుకోసం 1,800 డాలర్లు దాచాను. మా ఎస్‌యూవీ మీద ఇంకా నాలుగేళ్ల లోను ఉంది. దాన్ని ఉప్పులో పాడుచేసుకునే బదులు కారు అద్దెకు తీసుకుని, పూర్తి ఇన్సూరెన్స్ కట్టేస్తే ఏం జరిగినా మనకు సంబంధం ఉండదని మిత్రులు అంటున్నారు. నిజమేనా? డబ్బు చాలకపోతే, బ్యాంకులో ఉన్న మూడు నెలల ఖర్చుల సొమ్ములోంచి కొంత తీయవచ్చా?

జవాబు: తప్పకుండా వెళ్లిరండి. మీ బాబుకు ఇది గుర్తుండే వయసు. మిత్రుల సలహా మాత్రం పాటించకండి.

అద్దె కౌంటరు దగ్గర రోజుకు ఇంతని కట్టించుకునే ఆ రక్షణ, ఒప్పందంలోని షరతులు పాటించినంతసేపే ఉంటుంది. దాదాపు ప్రతి అద్దె ఒప్పందంలోనూ రోడ్డు దిగి నడపకూడదన్న షరతు ఉంటుంది. ఉప్పు నేల రోడ్డు కాదు. చక్రం దానిమీద పెట్టిన క్షణంలోనే మీరు కొన్న రక్షణ పోతుంది. క్రెడిట్ కార్డు ఇచ్చే అద్దె కారు రక్షణకూ ఇదే మినహాయింపు ఉంటుంది. ఇక కారుకు ఏమైనా అయితే మరమ్మతు బిల్లుతో పాటు, అది షెడ్డులో ఉన్నన్ని రోజుల అద్దె కూడా మీ దగ్గరే వసూలు చేస్తారు. మరీ పాడైతే కారు ఖరీదంతా మీ మెడకు చుట్టుకుంటుంది. అద్దె కారులోనే వెళ్లాలనుకుంటే, యూటా సరిహద్దు పట్టణం వెండోవర్‌కు తూర్పున పది మైళ్ల దూరంలో ఇంటర్‌స్టేట్ 80 హైవే పక్కనే విశ్రాంతి స్థలం ఉంది. కారు అక్కడ ఆపి ఉప్పు మీద నడవండి. పైసా ఖర్చు లేదు.

కారు నడపాలన్నదే మీ కోరిక కాబట్టి సొంత కారులోనే వెళ్లండి, కానీ అదను చూసుకోండి. చలికాలంలో ఆ మైదానం మీద పలుచగా నీరు నిలుస్తుంది. ఎండలకు అది ఆవిరై, వేసవి చివరికి ఉప్పు గట్టిపడుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. అప్పుడు కూడా అంచులను నమ్మకూడదు. ఆ హైవే మీద ఎగ్జిట్ 4 దగ్గర దిగి వెళితే తారు రోడ్డు ఒకచోట ఆగిపోతుంది. అక్కడినుంచి చూస్తే అంతా ఒకే తెలుపు. కానీ అంచుల్లో ఆ తెలుపు సన్నటి పొర మాత్రమే, కింద బూడిద రంగు బురద ఉంటుంది. పొర పగిలిందంటే ఎస్‌యూవీ అయినా ఇరుసుదాకా దిగబడుతుంది. అక్కడికి మామూలు టో ట్రక్కు రాదు. ప్రత్యేక వాహనంతో వచ్చి లాగినవారి బిల్లు వందల్లో మొదలై వేలదాకా పోగలదు. రోడ్డుసైడ్ సహాయ పథకాలు చాలావరకు రోడ్డు దిగిన కారును పట్టించుకోవు. అందుకే బయలుదేరే ముందు మీ ఇన్సూరెన్స్ కంపెనీకి ఈమెయిల్ పంపండి: ఉప్పు నేల మీద దిగబడిన కారును లాగే ఖర్చు ఇస్తారా, అక్కడ జరిగిన నష్టానికి కొలిజన్ కవరేజీ (కారు దేన్నైనా గుద్దుకున్నా, బోల్తా పడినా ఇచ్చేది) వర్తిస్తుందా అని అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. వేగం విషయంలోనూ జాగ్రత్త. 1935లో బ్రిటిష్ రేసర్ మాల్కమ్ క్యాంప్‌బెల్ గంటకు 300 మైళ్లు దాటింది ఈ నేల మీదే. చూసినవారికి మనసు లాగుతుంది, కానీ పందేలకు మామూలు పాలసీలు వర్తించవు.

ఖర్చు లెక్క చూద్దాం. రానుపోను సుమారు 1,200 మైళ్లు. గ్యాలనుకు 25 మైళ్లు ఇచ్చే బండి అనుకుంటే 48 గ్యాలన్లు, అంటే 220 డాలర్ల దాకా. మూడు రాత్రుల హోటలుకు 450, తిండికి 250 అనుకోండి. మొత్తం 920. సొంత కారు కదా, పెట్రోలు ఖర్చే గదా అనుకోవద్దు. పెట్రోలు, టైర్లు, అరుగుదల, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి 2025కు అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వ్యాపార ప్రయాణాలకు ఖరారు చేసిన రేటు మైలుకు 70 సెంట్లు. ఆ లెక్కన ఈ ప్రయాణానికి కారు మీద అయ్యే ఖర్చంతా, పైన చెప్పిన పెట్రోలుతో సహా, 840 డాలర్లు. మైదానం మామూలు రోజుల్లో ఉచితమే, అది ప్రభుత్వ భూమి.

మిగిలే 880 డాలర్లను ఖర్చు చేయకండి. కారు దిగబడితే లాగడానికి, పాలసీలో మీ వాటా డిడక్టిబుల్‌కు మొదటి ఆసరా అదే. డిడక్టిబుల్ అంతకంటే ఎక్కువగా ఉంటే తేడా కూడబెట్టాకే బయలుదేరండి. హోటలు రద్దు చేసుకునే వీలున్నదే బుక్ చేయండి. అక్కడ జరిగే స్పీడ్ వీక్ అనే వేగం పోటీలే 2014, 2015, 2022లలో నేల అనుకూలించక రద్దయ్యాయి. నేల తడిగా కనిపిస్తే మీరూ తారు రోడ్డు చివరే ఆగిపోండి.

ఉప్పు మీద నడిపిన రోజు సాయంత్రమే వెండోవర్‌లో కారు అడుగుభాగం, చక్రాల గూళ్లు బాగా కడిగించండి. ఇంటికి వచ్చాక మరోసారి. బ్రేక్ పైపులు, వైరు కనెక్షన్ల దగ్గర చేరిన ఉప్పు నెలల తర్వాత తుప్పుగా బయటపడుతుంది. ఇలాంటి తుప్పుకు సాధారణంగా వారంటీ ఉండదు, మీ లోను వాయిదాలు మాత్రం ఆగవు.

మూడు నెలల సొమ్ము జోలికి వెళ్లకండి. హెచ్‌1బీలో ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండేందుకు గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఒక్కరి సంపాదనతో నడిచే ఇల్లు మీది. ఆ గడువులో కొత్త ఉద్యోగం దొరక్కపోతే విమాన టికెట్లు, ఇంటి అద్దె ఒప్పందం రద్దు, కారు లోను అన్నీ ఒకేసారి మీద పడతాయి. నిజానికి మీకు ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండాలి. కారుకు ఏమీ కాకుండా తిరిగొస్తే ఆ 880 డాలర్లు నేరుగా అందులో వేయండి.