లిమిట్ దగ్గరపడిన రంగంలో పీహెచ్‌డీ దండగా?

ప్రశ్న: ఎంఎస్సీ ఫిజిక్స్ చివరి ఏడాదిలో ఉన్నాను. పెరోవ్‌స్కైట్ (ఒక ప్రత్యేక స్ఫటిక నిర్మాణమున్న పదార్థం) సోలార్ సెల్స్ మీద పీహెచ్‌డీ చేయాలని ఉంది. కానీ ఒకే పదార్థంతో చేసిన ఏ సోలార్ సెల్ సామర్థ్యమూ 33 శాతం చిల్లర దాటదని, పెరోవ్‌స్కైట్లు ఇప్పటికే 26 దాటేశాయని చదివాను. నేను పూర్తి చేసి బయటికొచ్చేసరికి చేయడానికి ఏమీ మిగలదేమోనని టెన్షన్‌గా ఉంది. వేరే టాపిక్ చూసుకోమంటారా?

జవాబు: టాపిక్ మార్చుకోనక్కర్లేదు. ఆ 33 ఎలా వచ్చిందో చూస్తే, పని ఎక్కడ మిగిలిందో కూడా అక్కడే తెలుస్తుంది.

అది 1961లో విలియం షాక్లీ, హాన్స్ క్వీసర్ చూపించిన లెక్క. బ్యాండ్ గ్యాప్ అంటే పదార్థంలో ఎలక్ట్రాన్‌ను విడిపించి కదిలించడానికి కావలసిన కనీస శక్తి. అంతకంటే తక్కువ శక్తి ఉన్న ఫోటాన్‌ను (వెలుతురు కణాన్ని) పదార్థం పట్టుకోలేదు. ఎక్కువ శక్తి ఉన్నదాన్ని పట్టుకుంటుంది గానీ, మిగులంతా వేడిగా పోతుంది. టికెట్‌కు డబ్బు చాలనివాళ్లను ఎక్కించుకోకుండా, ఎక్కువిచ్చినవాళ్లకు చిల్లర ఇవ్వకుండా నడిచే బస్సు అన్నమాట. దీనికితోడు, వెలుతురును పీల్చుకునే పదార్థం కొంత వెలుతురును తిరిగి వదలక తప్పదు. ఇవన్నీ పోగా, నేల మీద పడే ఎండకు 1.34 ఎలక్ట్రాన్ వోల్టుల గ్యాప్ దగ్గర సుమారు 33.7 శాతం మిగులుతుంది.

మీరు ఒకటి గమనించినట్టు లేదు. పెరోవ్‌స్కైట్లకు వర్తించే హద్దు ఇంకా తక్కువ. మొదట్లో ఎక్కువగా వాడిన మిథైలమ్మోనియం లెడ్ అయొడైడ్ గ్యాప్ దాదాపు 1.6. అక్కడ లెక్క 30 శాతం దగ్గరే ఆగిపోతుంది. ఫార్మమిడినియం రకం గ్యాప్ 1.5 చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి కాస్త నయం. అంటే మిగిలిన దూరం మీరనుకున్న దానికన్నా చిన్నదే. అయినా టాపిక్ మార్చుకోవద్దని ఎందుకు అంటున్నానో చెబుతాను.

1.6 గ్యాప్‌కు సిద్ధాంతం ఇచ్చే కరెంటు చదరపు సెంటీమీటరుకు సుమారు 25 మిల్లీ ఆంపియర్లు, వోల్టేజ్ 1.32. కరెంటు విషయంలో మంచి సెల్స్ ఇప్పటికే హద్దును తాకుతున్నాయి. కోత పడుతున్నది ఎక్కువగా వోల్టేజ్‌లో, ఫిల్ ఫ్యాక్టర్‌లో (గరిష్ఠ కరెంటు, గరిష్ఠ వోల్టేజ్‌ల లబ్ధంలో నిజంగా చేతికందే పవర్ వాటా). ఎలక్ట్రాన్, హోల్ (ఎలక్ట్రాన్ వదిలివెళ్లిన ఖాళీ) కలిసినప్పుడు వెలుతురు రాకుండా లోపాల దగ్గర వేడిగా మారితే వోల్టేజ్ పడిపోతుంది. బయటికొచ్చే వెలుతురు పది రెట్లు తగ్గినప్పుడల్లా దాదాపు 60 మిల్లీ వోల్టులు పోతాయి. నూటికి ఒక వంతే బయటికొస్తే 120 పోయినట్టే. అందుకే మంచి సోలార్ సెల్ మంచి ఎల్ఈడీ కూడా అయ్యుండాలని ఈ రంగంలో అంటారు. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ లెక్క అదే చెబుతుంది. ఆ నష్టం ఎక్కువగా జరిగేది పెరోవ్‌స్కైట్ పొర పక్క పొరను తాకే చోట. ఉపరితలాల మీద ఆసక్తి ఉన్న ఫిజిక్స్ విద్యార్థికి అక్కడ బోలెడు పని ఉంది.

ఇక రెండో దారి టాండెమ్, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన రెండు సెల్స్. సిలికాన్ సెల్ హద్దు 29.4 శాతం అంటారు, అది ఇప్పటికే 27 దాటింది. ఇంకా పైకి వెళ్లాలంటే దాని మీద ఇంకో పదార్థం పొర వేయాలి. ఆ స్థానానికి పెరోవ్‌స్కైట్ బాగా సరిపోతుంది, ఎందుకంటే అయొడిన్‌కు బదులు కొంత బ్రోమిన్ కలిపి గ్యాప్‌ను కావలసినంత జరపవచ్చు. రెండు పొరల సెల్‌కు సిద్ధాంత హద్దు 45 శాతం దాకా ఉంది. 2025లో లాంగీ సంస్థ ప్రకటించిన పెరోవ్‌స్కైట్-సిలికాన్ రికార్డు 34.85. మిమ్మల్ని భయపెట్టిన హద్దును అది అప్పుడే దాటేసింది, ఇంకా పది శాతం ఖాళీ ఉంది.

నన్నడిగితే అసలు పని ఈ రెండూ కూడా కాదు, మన్నిక. 2009లో 3.8 శాతంతో మొదలైన పదార్థం ఇంత వేగంగా ఎదిగినా, పాతికేళ్లు వారంటీ ఇచ్చే సిలికాన్ ప్యానెల్ పక్కన నిలబడాలి కదా. ప్యానెళ్లను 85 డిగ్రీల వేడిలో, 85 శాతం తేమలో 1000 గంటలు ఉంచి పరీక్షిస్తారు. పెరోవ్‌స్కైట్‌లో అయాన్లు ఒకచోట కుదురుగా ఉండవు, తేమ తగిలితే పదార్థమే విడిపోతుంది. రికార్డు కొట్టిన పేపరుకు పేరొస్తుంది, సెల్ ఎందుకు చచ్చిపోయిందో తేల్చగలిగినవాళ్లకు కంపెనీలో ఉద్యోగమొస్తుంది. పీహెచ్‌డీ తర్వాత పరిశ్రమలోకి వెళ్లే ఉద్దేశం ఉంటే ఇది గుర్తుంచుకోండి.

ఒకవేళ మీ ఇష్టమంతా లిమిట్ లెక్కల మీదే అయితే మాత్రం, ఒక్క పొర సెల్ సిద్ధాంతంలో ఇప్పుడు చోటు తక్కువే. అయినా ఆ లెక్క ఒకసారి సొంతంగా చేయండి. ఏఎం 1.5 (నేల మీద పడే ఎండకు ప్రామాణిక స్పెక్ట్రం) సూర్యకాంతి డేటా ఉచితంగా దొరుకుతుంది, చిన్న పైథాన్ ప్రోగ్రాం చాలు. గ్రాఫ్ శిఖరం 1.34 దగ్గర వస్తే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మంచి విషయం ఉన్నట్టే.

చేరే ముందు గైడ్‌ను రెండు అడగండి: మీ రికార్డు సెల్ వైశాల్యం ఎంత, ఆపకుండా వెలుతురులో నడిపితే ఎన్ని గంటలు నిలిచింది? చాలా రికార్డులు చదరపు సెంటీమీటరులో పదో వంతంత సెల్ మీద వచ్చినవే. ఈ రెండింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే ల్యాబ్ అయితే, దాని సామర్థ్యం అంకె రెండు శాతం తక్కువున్నా అందులోనే చేరండి.