ఫ్యూజన్ పీహెచ్‌డీ అంటోంది, ఎప్పటికి సెటిలవుతుంది?

ప్రశ్న: మాది జగిత్యాల, బట్టల కొట్టు ఉంది. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ మొదటి ఏడాది చదువుతోంది. ఫ్యూజన్ ప్లాస్మాలో పీహెచ్‌డీ చేస్తానని, గుజరాత్‌లోని గాంధీనగర్ వెళ్తానని పట్టుబట్టింది. యాభై ఏళ్ళుగా వస్తోంది వస్తోంది అంటున్నారే తప్ప ఆ కరెంటు రాలేదని మా బావమరిది అంటున్నాడు. బీఈడీ చేసి గురుకులం ఉద్యోగానికి రాసుకోమని ఇంట్లో చెబుతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: మీ బావమరిది మాట కొట్టిపారేసేది కాదు. సూర్యుడిలో లాగా హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి శక్తి తీయడమే ఫ్యూజన్. దానికోసం దక్షిణ ఫ్రాన్స్‌లో మన దేశం, అమెరికా, రష్యా, చైనా, జపాన్, కొరియా, యూరప్ కలిసి ఇటర్ అనే యంత్రం కడుతున్నాయి. 2016లో వేసుకున్న లెక్క ప్రకారం అందులో 2025లోనే మొదటి ప్లాస్మా, అంటే విపరీతంగా వేడెక్కి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు, రావాలి. 2024లో ఆ లెక్క మార్చారు. ఇప్పుడు పరిశోధన మొదలయ్యేది 2034లో, అసలు ఇంధనమైన డ్యుటీరియం, ట్రిటియం అనే బరువు హైడ్రోజన్‌లతో నడిపేది 2039లో అంటున్నారు. పోనీ అదైనా కరెంటు అమ్మే యంత్రమా అంటే, కాదు. లోపలికి 50 మెగావాట్ల వేడి పంపితే 500 మెగావాట్లు వస్తుందని చూపించడానికి కడుతున్న ప్రయోగం. ఆ కరెంటుతో మీ కొట్లో ట్యూబులైటు వెలుగుతుందని నేను మాటివ్వలేను.

అయితే మీ అమ్మాయి జీతం ఆ ట్యూబులైటు మీద ఆధారపడి లేదు. ఈ రంగంలో వాళ్ళకు డబ్బు వచ్చేది ప్రభుత్వాలు పరిశోధన యంత్రాలకు పెట్టే ఖర్చులోంచి. తను వెళ్తానంటున్నది బహుశా భాట్ గ్రామం దగ్గర సబర్మతి ఒడ్డున ఉన్న ప్లాస్మా పరిశోధన సంస్థకే, అంటే ఐపీఆర్‌కు. అది అణుశక్తి శాఖ సాయంతో నడిచే సంస్థ. అక్కడి ఆదిత్య టోకమాక్, అంటే ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే యంత్రం, 1989 నుంచి ఉంది, తర్వాత దాన్ని ఆదిత్య-యూగా మార్చి కట్టారు. సూపర్ కండక్టర్ అయస్కాంతాలున్న మరో టోకమాక్ ఎస్‌ఎస్‌టీ-1 కూడా అక్కడే ఉంది. ఇటర్‌కు మన దేశం ఇవ్వాల్సిన భాగాల బాధ్యతా వాళ్ళదే. అందులో పెద్దది క్రయోస్టాట్. యంత్రం మొత్తాన్నీ లోపల పెట్టుకునే, దాదాపు 30 మీటర్ల ఎత్తు, 3,850 టన్నుల ఉక్కు పాత్ర అది. ఎల్ అండ్ టీ వాళ్ళు సూరత్ దగ్గర హజీరాలో దాని ముక్కలు తయారుచేసి ఓడల మీద పంపారు. కాబట్టి ఫ్యూజన్ మూతపడుతుందన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

నన్నడిగితే మీరు భయపడాల్సింది వేరే ఉంది. పీహెచ్‌డీ అయ్యాక, పర్మనెంటు ఉద్యోగం రాకముందు వచ్చే ఆ మధ్య ఏళ్ళు. లెక్క వేసుకుందాం. ఎమ్మెస్సీ అయ్యేసరికి తనకు 22, 23. జెస్ట్, గేట్ లాంటి జాతీయ పరీక్షలు రాసి, ఇంటర్వ్యూ దాటి సీటు తెచ్చుకోవాలి. ఏ పరీక్ష స్కోరు చెల్లుతుందో ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోండి. మొదటి ఏడాది కోర్సులు, తర్వాత పరిశోధన, మొత్తం అయిదారేళ్ళు. డిగ్రీ ఇచ్చేది హోమీ భాభా నేషనల్ ఇన్‌స్టిట్యూట్. ఈ కాలమంతా మీ జేబులోంచి పోయేదేమీ ఉండదు. 2023 నుంచి ఫెలోషిప్ మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తర్వాత 42,000 రూపాయలు. చాలామంది తల్లిదండ్రులకు ఇది తెలియక పీహెచ్‌డీ అంటే ఫీజు ఎంత అని నన్ను అడుగుతుంటారు.

పీహెచ్‌డీ చేతికొచ్చేసరికి 28, 29. అప్పుడు పోస్ట్‌డాక్, అంటే ఏడాదికో రెండేళ్ళకో పరిశోధన కాంట్రాక్టు. జర్మనీలో గార్షింగ్ కావచ్చు, అమెరికాలో ప్రిన్స్‌టన్ కావచ్చు, దక్షిణ కొరియా కావచ్చు. ఇలాంటివి ఒకటో రెండో చేశాక గానీ సైంటిస్టుగానో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గానో స్థిరపడలేరు. ఆ అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు యూజీసీ స్కేలులో మొదటి మూలవేతనం 57,700. అప్పటికి 32 దాటినా ఆశ్చర్యపోవద్దు. మన రాష్ట్ర యూనివర్సిటీల నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో ఎవరి చేతిలోనూ లేదు, వాటిని నమ్ముకోవద్దు. పెళ్ళి మాట మీరు రాయలేదు గానీ మీ ఉత్తరం నిండా అదే ఉంది. పీహెచ్‌డీ మధ్యలో పెళ్ళి చేసుకుని పూర్తిచేసినవాళ్ళు ఉన్నారు, అదొక అడ్డంకి కాదు. కష్టమొచ్చేది పోస్ట్‌డాక్ దగ్గర, దేశం మారాల్సి వచ్చినప్పుడు. రేపు సంబంధం చూసేటప్పుడు ఈ సంగతి ముందే చెప్పుకోవాలి.

ఇంక మీ అమ్మాయికి. అమ్మా, ఇంటర్నెట్‌లో చూసే వీడియోల్లో ప్లాస్మా గులాబీ రంగులో మెరుస్తూ ఉంటుంది. పని మాత్రం అలా ఉండదు. ఆదిత్యలో ఒక షాట్, అంటే యంత్రాన్ని ఒకసారి నడిపితే, ప్లాస్మా సెకనులో చిన్న భాగం నిలుస్తుంది. అయిపోయాక కంట్రోల్ రూములో అందరూ గ్రాఫుల మీద పడతారు. ప్లాస్మాలో కరెంటు ఎంత లేచింది, ఎక్కడ పడిపోయింది, నువ్వు కొలవడానికి పెట్టిన ప్రోబ్ సిగ్నల్ ఇచ్చిందా, లేక కేబుల్ ఊడిందా? కాసేపాగి మళ్ళీ షాట్. యంత్రం లోపలి గాలి సరిగా ఖాళీ కాక వాక్యూమ్ దిగలేదంటే ఇక షాట్లు బంద్. హీలియం సిలిండరుకు సన్నటి గొట్టం తగిలించి ప్రతి జాయింటు దగ్గరా కొద్దికొద్దిగా వదులుతూ, లీక్ డిటెక్టర్‌లో అంకె ఎక్కడ లేస్తుందా అని కాచుకోవాలి. వంటింట్లో గ్యాస్ లీకు కోసం సబ్బు నురగ రాస్తామే, అదే పని, కాకపోతే రోజులు పట్టొచ్చు. ఈ చాకిరీ నచ్చేవాళ్ళే ఇందులో నిలబడతారు. యంత్రం జోలి వద్దనుకుంటే థియరీ, సిమ్యులేషన్ ఉన్నాయి. అక్కడ లీకులకు బదులు ఎవరో ముప్పై ఏళ్ళ కింద ఫోర్ట్రాన్ అనే పాత కంప్యూటర్ భాషలో రాసిన కోడ్‌తో తంటాలు.

నా మొగ్గు ప్రయోగం వైపే. వాక్యూమ్, ఆర్ఎఫ్ (రేడియో తరంగాల) పవర్, క్రయోజెనిక్స్ (అతి చల్లదనం), డయాగ్నోస్టిక్స్ (ప్లాస్మా కొలతలు) చేత్తో చేసినవాళ్ళకు ఆ మధ్య ఏళ్ళ గండం తేలిగ్గా గడుస్తుంది. చిప్పుల తయారీలో ఎచింగ్, అంటే సన్నటి గీతలు చెక్కడం, ఎక్కువగా జరిగేది ప్లాస్మాతోనే. ఆ యంత్రాలు చేసే లామ్ రీసెర్చ్, అప్లైడ్ మెటీరియల్స్ లాంటి కంపెనీలకు బెంగళూరులో ఆఫీసులున్నాయి. సిమ్యులేషన్ చేసినవాళ్ళకు సాఫ్ట్‌వేర్ ఎలాగూ ఉంది. అందుకే గైడ్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన పేపర్లు ఎన్ని అన్నదాని కంటే, ఆయన దగ్గర చేసి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారో కనుక్కో.

బీఈడీ సంగతి. గురుకులం ఉద్యోగం చిన్నదేమీ కాదు. కానీ అది ఇప్పుడే చేయకపోతే పోయేది కాదు, పీహెచ్‌డీ వదిలేసినా తిరిగొచ్చి చేయవచ్చు. మొదటి ఏడాది ఎమ్మెస్సీ పిల్లలకు మాత్రం ఒక అవకాశం ఇప్పుడే ఉంది. ఐపీఆర్ ఎండాకాలంలో సమ్మర్ స్కూల్ పెడుతుంది, దరఖాస్తులు కొన్ని నెలల ముందే అడుగుతారు. అక్కడ రాకపోతే సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు పెట్టమనండి. మీరు కూడా వెంట వెళ్ళండి, సికింద్రాబాద్ నుంచి అహ్మదాబాద్‌కు రైల్లో ఒక రోజు. ప్రొఫెసర్లతో మాట్లాడటం అమ్మాయికి వదిలేసి, మీరు క్యాంటీన్‌లో నాలుగో ఏడాది, అయిదో ఏడాది పీహెచ్‌డీ పిల్లల పక్కన కూర్చుని టీ తాగండి. మీ సీనియర్లు ఏం చేస్తున్నారని అడగండి. వాళ్ళు చెప్పింది విని, తిరుగు రైల్లో మీరిద్దరూ మాట్లాడుకోండి. అప్పటిదాకా బీఈడీ దరఖాస్తు పక్కన పెట్టండి.